రెండు ఉత్తర్వుల కింద మనోవర్తి ఎక్కువ వెళ్ళింది, వెనక్కి వస్తుందా?

కొల్లేటిగట్టు (ప్రశ్న):
మా అన్నయ్య తరఫున అడుగుతున్నానండీ. డీవీసీ (గృహహింస కేసు) మధ్యంతర ఉత్తర్వు ప్రకారం మాజీ భార్యకు 2023 మార్చి నుంచి నెలకు 8,000 బ్యాంకులో వేస్తున్నాడు. 2024 జనవరిలో ఫ్యామిలీ కోర్టు ఎం.సీ. (మనోవర్తి కేసు)లో నెలకు 15,000 (ఆవిడకు 10,000, పాపకు 5,000) ఇవ్వమంది. పిటిషన్ వేసిన 2023 మార్చి 1 నుంచే లెక్క. ఫిబ్రవరి నుంచి ఆ 15,000 జీతంలోనే కోత పడుతోంది. పాత 11 నెలల బకాయి 1,65,000 కూడా పూర్తిగా కట్టేశాడు. డీవీసీ 8,000 మాత్రం 2025 మార్చి దాకా ఆగకుండా వెళ్ళింది. డీవీసీలో ఇచ్చే మనోవర్తిని ఇందులో సర్దుబాటు చేయాలని ఎం.సీ. ఉత్తర్వు చివర ఉంది. అంటే 14 నెలలకు 1,12,000 ఎక్కువ. అది తీరేదాకా జీతం కోత ఆపించేయొచ్చా?

ఓరుగల్లు వకీలు:
ఆపించకండి. ఎక్కువ కట్టిన మాట నిజమే అయినా, కోర్టు చెప్పకుండా సొంతంగా మినహాయించుకుంటే రికార్డులో అది బకాయే. ఆవిడ వసూలు పిటిషన్ వేస్తే వారంటు వస్తుంది. ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు వేసే అధికారం కోర్టుకుంది. అక్కడ నిలబడి పాత లెక్క చెప్పుకోవడం చాలా కష్టం.

మీ లెక్క కూడా సరికాదు. బకాయి 1,65,000 కట్టినప్పుడు, ఆ 11 నెలల్లో డీవీసీ కింద అప్పటికే వెళ్ళిన 88,000 తగ్గించారా? తగ్గించకపోతే అదీ ఎక్కువే. అప్పుడు 14 నెలలు కాదు, 25 నెలలు. 25 × 8,000 = 2,00,000. అయితే ముందు డీవీసీ ఉత్తర్వు తీసి చూడండి. ఆ 8,000 మొత్తం మనోవర్తేనా, ఇంటి అద్దె కూడా కలిసి ఉందా?

కొల్లేటిగట్టు:
తగ్గించలేదండీ. ఉత్తర్వులో మనోవర్తి 5,000, అద్దె 3,000 అని విడివిడిగా ఉంది.

ఓరుగల్లు వకీలు:
అయితే అద్దెను వదిలేయండి. అది నివాసానికి ఇచ్చిన ఉపశమనం. ఎం.సీ. ఉత్తర్వు సర్దమన్నది మనోవర్తిని. మీరు గట్టిగా నిలబెట్టుకోగల మొత్తం 25 × 5,000 = 1,25,000. 2,00,000 అడిగి సగం పోగొట్టుకునేకన్నా ఇది అడిగితే జడ్జిగారికి లెక్క ఒక్క చూపులో తెలుస్తుంది.

రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో (2020 నవంబరు 4) సుప్రీంకోర్టు చెప్పిందిదే: ముందు కోర్టు ఇచ్చిన మొత్తాన్ని తర్వాతి కోర్టు లెక్కలోకి తీసుకుని సర్దుబాటు చేయాలి, ముందు ఉత్తర్వు మారాలంటే ఆ కోర్టులోనే అడగాలి. అంటే మీకు రెండు పిటిషన్లు. డీవీసీ కోర్టులో గృహహింస చట్టం 25(2) కింద, ఇకముందు 5,000 ఆపి 3,000 అద్దె మాత్రం కొనసాగించమని. ఫ్యామిలీ కోర్టులో, ఇప్పటిదాకా ఎక్కువ వెళ్ళిన 1,25,000ను రాబోయే నెలల్లో సర్దమని. మీ ఉత్తర్వులో సర్దుబాటు మాట ఉంది కాబట్టి రెండోదానికి లెక్కల పట్టికతో దరఖాస్తు చాలు. ఆ మాట లేకపోతే ఉత్తర్వునే మార్చమని నేర విచారణ విధానం కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 146వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 127) కింద అడగాల్సి వచ్చేది.

నెలవారీ సర్దుబాటు అడిగేటప్పుడు పాప 5,000 జోలికి వెళ్ళకండి. ఆవిడ వాటాలోంచి నెలకు 2,500 తగ్గించమంటే 50 నెలల్లో తీరుతుంది. మొత్తం 10,000 ఆపమంటే ఆవిడ ఇల్లు గడవదని కోర్టు ఒప్పుకోదు, ఆ మాటలో న్యాయమూ ఉంది.

లెక్కల గుమాస్తా:
పట్టికలో ఏడు గడులు పెట్టండి: నెల, డీవీసీ మనోవర్తి, అద్దె, జీతం కోత, బకాయి కింద కట్టినది, కట్టవలసినది, తేడా. ప్రతి చెల్లింపు పక్కన యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ) నంబరు వేయండి. ఫోన్లో తీసిన స్క్రీన్‌షాట్లను అవతలి వకీలు ఒప్పుకోరు. బ్యాంకు ముద్రతో ధ్రువీకరించిన స్టేట్‌మెంట్ తీసుకోండి. జీతం కోతకు పే స్లిప్పులు జతచేయండి.

స్కూలు ఫీజు నేరుగా కట్టినవి, పండక్కి పంపినవి ఈ పట్టికలో కలపకండి. ఉత్తర్వు ప్రకారం కట్టినవి కావు కాబట్టి వాటిని చూపించి అవతలివారు మొత్తం పట్టికనే అనుమానంలోకి లాగుతారు.

ఇంకో మాట. ఫ్యామిలీ కోర్టు తగ్గించమన్నాక డీడీఓ (ఆఫీసులో జీతాల బిల్లులు చూసే అధికారి) తనంతట తాను కోత మార్చరు. సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, అది చేతికొచ్చాక ఆఫీసులో ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. ఆ మధ్యలో మళ్ళీ రెండు నెలలు పూర్తి కోత పడితే ఆ అంకె కూడా పెరుగుతుంది.

తుంగభద్ర:
దావా వేసి నగదు వాపసు అడిగితే రాదా? ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే?

ఓరుగల్లు వకీలు:
దావా వద్దంటాను. కోర్టు ఫీజు, ఏళ్ళు పట్టే విచారణ. పైగా మనోవర్తి తిండికీ బట్టకీ ఖర్చయిపోయే డబ్బని, నగదు వాపసుకు కోర్టులు సాధారణంగా మొగ్గు చూపవు.

పునర్వివాహం సంగతి వేరు. విడాకులైన ఆవిడ మళ్ళీ పెళ్ళాడితే, ఆ తేదీ నుంచి ఆవిడ వాటా మనోవర్తిని రద్దు చేయమని బీఎన్‌ఎస్‌ఎస్ 146(3) కింద అడగొచ్చు. ఆ తేదీ తర్వాత వెళ్ళిన డబ్బుపై మీ వాదన అన్నిటికన్నా బలంగా ఉంటుంది. కానీ పాప వాటా కొనసాగుతుంది. ఎం.సీ. ఉత్తర్వులో ఇద్దరికీ కలిపి ఒకే అంకె వేసిన కేసుల్లో ఇక్కడే చిక్కొస్తుంది, ముందు విడదీయమని అడగాలి.

రెండువైపులా మాట్లాడుకునే వీలుంటే లోక్ అదాలత్ మంచిది. రాజీ మెమోలో 1,25,000 అంకె, నెలకు ఎంత తగ్గేది, ఏ నెలతో ముగిసేది, డీవీసీ, ఎం.సీ. నంబర్లు రెండూ రాయించండి. ఒక్క నంబరు వదిలేస్తే ఆ కేసులో వసూలు పిటిషన్ మళ్ళీ లేస్తుంది.