లాభంలో వాటా ఇస్తే ఉద్యోగి భాగస్వామి అయిపోతాడా?

సందేహాల_సంచి:
మా ఫ్రెండ్ ఓ డిజైన్ సంస్థలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. నెలనెలా జీతం, ఏడాది చివర నికర లాభంలో 10 శాతం. ఒప్పందంలో మాత్రం "వర్కింగ్ పార్ట్‌నర్" అని రాశారు. మొన్న ఉన్నట్టుండి "రేపటి నుంచి రావద్దు" అన్నారు. గ్రాట్యుటీ అడిగితే, నువ్వు ఉద్యోగివి కాదు, పార్ట్‌నర్‌వి అంటున్నారు. వీడు చట్టం దృష్టిలో ఎవరు?

కాగితమే_సాక్ష్యం:
పార్ట్‌నరే. 1932 భాగస్వామ్య చట్టం సెక్షన్ 4 చెప్పేది లాభాలు పంచుకోవడం గురించే కదా. ఆరేళ్లు వాటా తీసుకుని ఇప్పుడు నేను ఉద్యోగిని అంటే ఎలా?

పాత_బెంచి:
సెక్షన్ 4ని సగంలో ఆపేశారండీ. "అందరూ, లేదా అందరి తరఫున కొందరు నడిపే వ్యాపారం" అన్న ముక్క కూడా అందులోనే ఉంది. అసలు ప్రాణం అక్కడ ఉంది: ఒకరు చేసిన పనికి మిగతావాళ్లంతా కట్టుబడాలి, బాకీలకి సొంత ఆస్తితో సహా పూచీ పడాలి. సెక్షన్ 6 అయితే అన్ని వాస్తవాలూ కలిపి చూసి అసలు సంబంధం ఏమిటో తేల్చమంటుంది. పనివాడికి ప్రతిఫలంగా లాభంలో వాటా ఇచ్చినంత మాత్రాన అతను భాగస్వామి కాడని దాని వివరణలోనే ఉంది. ఇంగ్లండ్‌లో 1860 నాటి కాక్స్ వర్సెస్ హిక్‌మన్ తీర్పు నుంచీ వస్తున్న సూత్రమే ఇది. ఇంతకీ బ్యాంకు చెక్కు మీద అతని సంతకం చెల్లుతుందా? నష్టం వచ్చిన ఏడాది ఏం చేశారు?

సందేహాల_సంచి:
సంతకం లేదు. ఒక ఏడాది నష్టం వచ్చింది, జీతం మామూలుగానే ఇచ్చారు. సెలవు కావాలంటే మెయిల్ పెట్టి పర్మిషన్ తీసుకోవాలి. బ్యాలెన్స్ షీట్ ఎప్పుడూ చూడలేదట.

ఎదురు_వాదన:
తొందరపడకండి. కె.డి. కామత్ కేసులో (1971) పెత్తనమంతా ఒక్క భాగస్వామి చేతిలోనే ఉంది. అయినా అది భాగస్వామ్యమే అంది సుప్రీంకోర్టు. కాబట్టి చెక్కు, సెలవు చూసి తేల్చేయలేం.

పాత_బెంచి:
మంచి పాయింటు. కానీ ఆ ఒప్పందంలో లాభంతో పాటు నష్టం కూడా పంచుకున్నారు. నష్టం మోయకూడదని భాగస్వాములు రాసుకోవచ్చు, అదీ నిజమే. ఏ ఒక్క లక్షణమూ తీర్పు చెప్పదు. ఇక్కడ మాత్రం అన్నీ ఒకేవైపు మొగ్గుతున్నాయి.

కాగితమే_సాక్ష్యం:
అయితే రెండూ అనుకుంటే పోలా? పార్ట్‌నర్‌గా వాటా, ఉద్యోగిగా గ్రాట్యుటీ.

ఎదురు_వాదన:
కుదరదు. రామానుజ మ్యాచ్ ఇండస్ట్రీస్ కేసు (1985) ఈఎస్ఐ గురించి. జీతం తీసుకున్నా సరే, భాగస్వామి ఆ సంస్థకి ఉద్యోగి కాడన్నారు. ఫర్మ్ అంటే ఆ భాగస్వాములే, తనకి తానే యజమాని ఎలా అవుతాడు? ఇంకో చిక్కు. బయటివాళ్లకి ఇతన్ని "మా పార్ట్‌నర్" అని పరిచయం చేశారా? తెలిసీ ఊరుకుంటే, దాన్ని నమ్మి అప్పిచ్చినవాళ్లకి సెక్షన్ 28 కింద ఇతనూ బాధ్యుడే, లోపల ఉద్యోగే అయినా సరే.

సందేహాల_సంచి:
అమ్మో. విజిటింగ్ కార్డు మీదే అలా ఉంది. ఇప్పుడేం చేయాలి?

పాత_బెంచి:
ముందు ఆ కార్డు వాడటం ఆపమనండి. తర్వాత సంస్థకి రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న వేయమనండి: నేను పార్ట్‌నర్‌నైతే సెక్షన్ 12 ప్రకారం ఖాతా పుస్తకాలు చూపించండి. పైగా భాగస్వామిని "రేపటి నుంచి రావద్దు" అని పంపేయడానికి ఒప్పందంలో ఆ అధికారం ఉండాలి, దాన్ని నిజాయితీగా వాడాలి, అది సెక్షన్ 33. అవేవీ లేవంటే వాళ్లు చూసింది ఉద్యోగిగానే అని వాదించడానికి ఆ జవాబే పనికొస్తుంది. జీతం స్లిప్పులు, సెలవు మెయిల్స్ ఇప్పుడే కాపీ తీసుకోమనండి, ఆఫీసు లాగిన్ ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పలేం.