'నార్తర్న్ ఎక్స్‌పోజర్' విన్నవాళ్లు కాస్త చెప్పండి
డీజేలు సాషా, జాన్ డిగ్వీడ్ కలిసి ఎలక్ట్రానిక్ డాన్స్ ట్రాకులను ఆగకుండా ఒకదాన్లోకి ఒకటి మిక్స్ చేసిన ఆల్బమ్ 'నార్తర్న్ ఎక్స్‌పోజర్' 1996లో రెండు సీడీల సెట్టుగా వచ్చింది కదా, దాన్ని పూర్తిగా విన్నవాళ్లు ఉన్నారా? అందులో నార్త్ అనే మొదటి సీడీ వారం నుంచి రోజూ రాత్రి వింటున్నాను. ఒక ట్రాక్ ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో పట్టుకుందామని వెనక్కి జరిపి మరీ వింటాను, అయినా దొరకదు. ప్రాణం లేచొస్తుంది!

రెండో సీడీ సౌత్ మాత్రం ఇంకా మనసుకెక్కలేదు. మీకెలా అనిపించింది? 1997లో వచ్చిన రెండో భాగం కూడా ఇంత బాగుంటుందా? కొనే ముందు మీ మాట వినాలని ఉంది.

ఇంకొకటి. సీడీని ఫోన్‌లోకి ఎక్కించుకుంటే ట్రాకుల మధ్య చిన్న ఖాళీ వచ్చి మిక్స్ తెగిపోతోంది. ఆ ఖాళీ రాకుండా ఎలా ఎక్కించాలో తెలిస్తే దయచేసి చెప్పండి.