ఇంట్లో చెస్ ఇంజిన్ల టోర్నీ పెట్టాను, అర పాయింట్ తేడాతో ఒకటి గెలిచింది. రిపోర్ట్ ఎలా రాయాలి?

నల్లబంటు:
చెస్ ప్రోగ్రాముల్ని ఒకదానితో ఒకటి ఆడించే క్యూట్‌చెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆరు చెస్ ఇంజిన్లతో (చెస్ ఆడే ప్రోగ్రాములు) రౌండ్ రాబిన్ నడిపాను, అంటే ప్రతిదీ మిగతా అన్నిటితో ఆడుతుంది. జోడీకి 10 గేమ్‌లు, మొత్తం 150. టైమ్ ఒక్కో ఇంజిన్‌కి ఒక నిమిషం, ఎత్తుకి ఒక సెకను అదనం. డెస్క్‌టాప్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు, అందుకని ఒకేసారి 8 గేమ్‌లు పెట్టేశాను. మొదటిదానికి 31.5, రెండోదానికి 31 వచ్చాయి. "విజేత" అని రాసి ఫ్రెండ్‌కి చూపిస్తే, ఇది బొమ్మా బొరుసా వేసినట్టే ఉందని నవ్వాడు. పైగా చాలా గేమ్‌లు ఒకేలా మొదలై డ్రా అయ్యాయి. మధ్యలో రెండుసార్లు కరెంటు కూడా పోయింది. వీటిలో ఏది రాయాలి, ఏది వదిలేయాలి?

శకటు64:
మీ ఫ్రెండ్ అన్నది నిజమే. ఒక్కో ఇంజిన్ ఆడింది 50 గేమ్‌లే కాబట్టి ఎర్రర్ మార్జిన్ అటూ ఇటూ 60–70 ఈలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్ పాయింట్లు) దాకా ఉంటుంది. అందులో అర పాయింట్‌కి అర్థమే లేదు. మార్జిన్ సగం కావాలంటే గేమ్‌లు నాలుగింతలు కావాలి, అక్కడే అందరికీ ఓపిక అయిపోతుంది. జోడీకి 100 పెట్టండి, 1500 గేమ్‌లవుతాయి. గేమ్‌కి నాలుగు నిమిషాలు వేసుకున్నా 100 గంటలు, ఒకేసారి మూడేసి నడిపితే రోజున్నర.

ఒకేలా మొదలయ్యాయంటే ఓపెనింగ్ బుక్, అంటే గేమ్ మొదలుపెట్టే రకరకాల ఎత్తుల ఫైల్, పెట్టలేదన్నమాట. ఇంజిన్లని మొదటి ఎత్తు నుంచి వదిలేస్తే తిరిగి తిరిగి అదే బెర్లిన్ అనే, ఎక్కువగా డ్రా అయ్యే ఓపెనింగ్‌లోకి వెళ్తాయి. టీసీఈసీ అనే పెద్ద ఇంజిన్ల పోటీ సూపర్‌ఫైనల్ చూడండి, 50 ఓపెనింగ్‌లు తీసుకుని ఒక్కోదాన్ని రంగులు మార్చి రెండుసార్లు ఆడిస్తారు, అలా 100 గేమ్‌లు. అవి కూడా కావాలనే ఒకవైపు మొగ్గిన పొజిషన్లు, లేకపోతే అన్నీ డ్రాలే. మీరూ అదే చేయండి, ఒకే ఓపెనింగ్‌ని రంగులు మార్చి మళ్లీ ఆడించే రిపీట్ ఆప్షన్ మర్చిపోవద్దు.

రాత్రిషిఫ్ట్:
8 థ్రెడ్లు కనిపించినంత మాత్రాన 8 గేమ్‌లు నడపకూడదండీ, ఒక్కో కోర్ రెండు థ్రెడ్లుగా కనిపిస్తుంది, అసలు ఉన్నవి 4 కోర్లే కదా. రెండు ఇంజిన్లు ఒకే కోర్ మీద కొట్టుకుంటుంటే ఒకదానికి టైమ్ అయిపోతుంది, పట్టికలో మాత్రం అది మామూలు ఓటమిలాగే కనిపిస్తుంది. గేమ్‌ల ఎత్తులన్నీ రాసి ఉండే పీజీఎన్ ఫైల్ తెరిచి 'టైమ్ ఫర్ఫీట్' అని వెతకండి. ఎన్ని దొరికితే అన్నీ రిపోర్ట్‌లో పెట్టండి, దాచొద్దు.

రిపోర్ట్ మొదట్లోనే ప్రాసెసర్, ఒక్కో ఇంజిన్ వెర్షన్, హ్యాష్ (ఇంజిన్‌కి ఇచ్చిన మెమరీ), థ్రెడ్లు, పాండర్ (ఎదుటివాళ్ల టైమ్‌లో కూడా ఆలోచించడం) ఆఫ్‌లో ఉందా, ఏ బుక్, గేమ్‌ని మధ్యలో ఆపే రూల్ ఏంటి, ఇవన్నీ ఉండాలి. నా పాత రిపోర్ట్‌లో హ్యాష్ రాయడం మర్చిపోయాను, ఆరు నెలల తర్వాత అదే టోర్నీ మళ్లీ నడపాలంటే నాకే గుర్తులేదు. పీజీఎన్ కూడా జత చేయండి, పట్టిక ఒక్కటే పెడితే ఎవరూ నమ్మరు.

పాతకాలపుబోర్డు:
అన్నీ అంకెలేనా? నేనైతే పట్టిక ఒకసారి చూసి వదిలేస్తాను, గేమ్ గురించి రాస్తే చదువుతాను. 1974లో స్టాక్‌హోమ్‌లో మొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీలో 13 ప్రోగ్రాములు, నాలుగే రౌండ్లు. సోవియట్ ప్రోగ్రాం కైసా నాలుగూ గెలిచింది. గట్టి పోటీ అనుకున్న చెస్ 4.0 అనే ప్రోగ్రాం అసలు కైసాతో తలపడనేలేదు, పోటీ అయ్యాక విడిగా ఒక గేమ్ ఆడిస్తే డ్రా అయింది. ఆ చెస్ 4.0 మీదే కేయాస్ అనే ఇంకో ప్రోగ్రాం గుర్రాన్ని బలిచ్చి గెలిచింది. ఇన్నేళ్లయినా జనం చెప్పుకునేది ఆ గుర్రం గురించే. మీ 150లో అలాంటివి రెండు దొరకవా?

శకటు64:
నాలుగు రౌండ్లతో ఎవరు బలమైనదో తేలదని కూడా అదే కథ చెప్తోంది కదా మాస్టారూ :)

నల్లబంటు:
వెతికాను. టైమ్ అయిపోయి ఓడినవి 4, నాలుగూ రెండో స్థానంలో ఉన్న ఇంజిన్‌వే! పాత ఫలితం "విజేత" అనే మాట లేకుండా, ఈ నాలుగింటి సంగతి చెప్పి పెడతాను. శుక్రవారం రాత్రి 1500 గేమ్‌లతో మళ్లీ మొదలుపెడతా, ఒకేసారి మూడే. సిస్టమ్‌ని ఇన్వర్టర్ లైన్‌కి కలిపించాను.

రాత్రిషిఫ్ట్:
విండోస్ అప్‌డేట్ కూడా ఆపెయ్యండి. నాది 900వ గేమ్ దగ్గర రీస్టార్ట్ అయింది.