కొత్త క్రెడిట్ కార్డుకు ఎన్నాళ్లకొకసారి దరఖాస్తు చేయవచ్చు?

ఇంటిప్రయత్నం
సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర రెండు కార్డులున్నాయి. ఒకటి ఎనిమిదేళ్ల నాటిది, మరొకటి నాలుగేళ్ల నాటిది. రెండింటి బిల్లులూ గడువులోపే పూర్తిగా కట్టేస్తున్నాను. ప్రయాణ ఖర్చుల మీద ఎక్కువ పాయింట్లు ఇచ్చే కార్డు ఒకటి, ఇంటి సరుకుల మీద కొంత సొమ్ము వెనక్కి ఇచ్చే కార్డు మరొకటి తీసుకోవాలని ఉంది. రెండింటికీ ఒకేసారి దరఖాస్తు చేయవచ్చా, లేక మధ్యలో విరామం ఇవ్వాలా? ఇస్తే ఎన్ని నెలలు? వచ్చే ఏడాది ఇంటి రుణానికి వెళ్లే ఆలోచన కూడా ఉంది కాబట్టి ఆ సంగతి దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

గడువుతేదీ
మూడు నెలల విరామం ఇస్తే చాలు. దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు మీ అప్పులు, చెల్లింపుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుంటుంది, దీన్నే ఎంక్వైరీ అంటారు. దాని వల్ల క్రెడిట్ స్కోరు నాలుగైదు పాయింట్లు తగ్గి కొద్ది నెలల్లో సర్దుకుంటుంది. దానికి బదులుగా మీకు దక్కేదేమిటో చూడండి. ఇప్పుడు మీ రెండు కార్డుల లిమిట్ కలిపి రెండు లక్షలనుకుందాం, నెలకు అరవై వేలు వాడుతున్నారనుకుందాం. అంటే వాడకం 30 శాతం. మరో రెండు లక్షల లిమిట్ వచ్చిందంటే, ఖర్చు ఒక్క రూపాయి కూడా పెరగకుండానే వాడకం 15 శాతానికి దిగుతుంది. స్కోరు లెక్కలో ఎంక్వైరీ కంటే వాడకానికే చాలా ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది. క్రమశిక్షణతో కట్టేవారు కార్డు అడగడానికి భయపడవలసిన పని లేదు.

నిదానం
గడువుతేదీ గారి సలహాతో నేను ఏకీభవించలేను. రెండేళ్లకొక కార్డు అన్నది నా లెక్క, ఇంటి రుణం దగ్గర పడుతున్నప్పుడైతే ఒక్కటి కూడా వద్దు. రుణం ఇచ్చే అధికారి స్కోరు అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టడు, రిపోర్టు చివరి దాకా చదువుతాడు. ఏ తేదీన ఏ సంస్థ ఏ అవసరం కోసం మీ వివరాలు అడిగిందో అందులో వరుసగా ఉంటుంది. మా తమ్ముడు ఏడాది తిరగకుండా వరుసగా కార్డులు తీసుకున్నాడు. స్కోరు బాగానే ఉన్నా, ఇంటి రుణం అడగబోతే ఇన్ని దరఖాస్తులు ఎందుకు పెట్టారని ప్రశ్నించి, చివరకు ఫైలు తిప్పి పంపారు.

చిరుమాట
నేనైతే ఆరు నెలలకొకటి. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు.

గడువుతేదీ
నిదానం గారూ, ఎంక్వైరీల వల్లే తిప్పి పంపారని మీకు ఎవరు చెప్పారు? వాటి గురించి అడగడం వేరు, ఆ కారణంతో తిరస్కరించడం వేరు. వచ్చే జీతానికి ఈఎంఐ ఎక్కువై ఉండవచ్చు, స్థలం పత్రాల్లో లోపం ఉండవచ్చు. ఒక ఎంక్వైరీతో తగ్గేది ఐదు పాయింట్లలోపే అని స్కోరు తయారుచేసే సంస్థే చెబుతోంది. ఐదు పాయింట్ల కోసం రెండేళ్లు ఆగమని సలహా ఇవ్వడం న్యాయం కాదు.

సముద్రానికవతల
ఇక్కడ ఒక సవరణ అవసరం. చాలామందికి ఐదు పాయింట్లలోపే తగ్గుతుందన్నది అమెరికాలో వాడే ఫైకో స్కోరు గురించి చెప్పిన మాట. అక్కడ చెల్లింపుల చరిత్రకు 35 శాతం, బకాయిల మొత్తానికి 30, ఖాతాల వయసుకు 15, కొత్త రుణాలకు 10, రుణాల రకాలకు 10 శాతం ప్రాధాన్యమని ఆ సంస్థే ప్రకటించింది. ఎంక్వైరీ రిపోర్టులో రెండేళ్లు ఉన్నా లెక్కలోకి వచ్చేది పన్నెండు నెలలే. ఆ స్కోరు 300 నుంచి 850 వరకు ఉంటుంది. భారతదేశంలో సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది, సూత్రమూ వేరు. ఒకచోటి అంకెను మరోచోటికి అన్వయించకూడదు. పైగా అమెరికాలోనే చేజ్ బ్యాంకు విషయంలో కార్డుదారులు ‘5/24’ అని చెప్పుకునే నియమం ఒకటి ఉంది. ఇరవై నాలుగు నెలల్లో ఏ బ్యాంకువైనా సరే ఐదు కొత్త కార్డులు తీసుకున్నవారికి, స్కోరు ఎంత ఉన్నా, ఆ బ్యాంకు కార్డు దొరకదని వారి అనుభవం. కాబట్టి స్కోరుకు సంబంధం లేకుండా కూడా విరామం అవసరం కావచ్చు.

గడువుతేదీ
సవరణకు ధన్యవాదాలు. అంకె వేరైనా దిశ అదే కదా? ఎంక్వైరీ ప్రభావం చిన్నది, తాత్కాలికమైనది.

నిదానం
అదే కాదు. మీరు ఎంక్వైరీనే పట్టుకుని కూర్చున్నారు, ఖాతాల వయసు సంగతి ఎత్తడం లేదు. ప్రశ్న అడిగిన వారి కార్డుల వయసు ఎనిమిది, నాలుగు. సగటు ఆరేళ్లు. కొత్తది ఒకటి చేరితే సగటు నాలుగేళ్లకు, రెండు చేరితే మూడేళ్లకు పడిపోతుంది. ఎంక్వైరీ మరుగున పడుతుందేమో కానీ, ఆ సగటు మళ్లీ ఆరేళ్లకు చేరాలంటే అక్కడి నుంచి మూడేళ్లు పడుతుంది.

పాతసభ్యుడు
రెండు కార్డులు తీసుకోదలిస్తే ఇద్దరు చెప్పినదాన్ని బట్టి చూసినా ఇంటి రుణం తర్వాతే తీసుకోవడం మంచిది. ఇందులో వాదించడానికి ఏముంది?

గడువుతేదీ
వాదించడానికి ఉంది. ఎందుకంటే నిదానం గారు చెప్పేది ఇంటి రుణం ఉన్నా లేకపోయినా రెండేళ్లకొకటి అని. సగటు వయసు ఎప్పుడైనా తగ్గేదే. ఈ రోజు తీసుకోని కార్డు ఈ రోజు నుంచి వయసు పోసుకోదు, ఐదేళ్ల తర్వాత తీసుకుంటే అప్పుడూ సగటు పడిపోతుంది. త్వరగా తీసుకుంటేనే త్వరగా పాతబడుతుంది. ఇంకొక మాట. కార్డు మంజూరైనా నచ్చకపోతే యాక్టివేట్ చేయకుండా వదిలేయవచ్చు. యాక్టివేట్ చేయని కార్డు వివరాలను, ఈ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ బ్యూరోలకు పంపకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. 30 రోజులు దాటాక బ్యాంకు మన సమ్మతి అడగాలి, మనం ఇవ్వకపోతే ఏడు పనిదినాల్లో రుసుమేమీ లేకుండా ఖాతా మూసేయాలి.

నిదానం
ఖాతా పడదు, ఎంక్వైరీ మాత్రం పడుతుంది. దరఖాస్తు చేసిన రోజునే పడుతుంది. కార్డు వెనక్కి ఇచ్చేసినంత మాత్రాన అది చెరిగిపోదు.

గడువుతేదీ
ఎంక్వైరీ పడదని నేను ఎక్కడ అన్నాను? ఖాతా వయసు గురించి మీరు అడిగారు, దానికి జవాబిచ్చాను. మీరు ప్రతిసారీ మాట మారుస్తున్నారు. మీ తమ్ముడికి జరిగినదాన్ని పట్టుకుని ఊరందరికీ నియమం పెట్టడం సరికాదు. కార్డు దరఖాస్తును తిరస్కరిస్తే ప్రధాన కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని అవే నిబంధనల్లో ఉంది. ఇంటి రుణం విషయంలో మీరు కారణం రాసివ్వమని అడిగారా? అడగకుండా ఎంక్వైరీల మీద నింద మోపడం ఊహే కానీ సాక్ష్యం కాదు. ఇలాంటి భయపు మాటలు విని మా ఇంట్లో పెద్దలు నన్ను ముప్పై ఏళ్లు వచ్చేదాకా కార్డు ముట్టనివ్వలేదు. తీరా రుణం అవసరమైన రోజున, మీకు రుణ చరిత్రే లేదు, మిమ్మల్ని ఏ ఆధారంతో నమ్మాలి అన్నారు. ఎవరికీ బాకీ పడని మనిషిని, ఆ కారణంగానే నమ్మలేదు. ఆ రోజు కౌంటర్ ముందు నిలబడి నేను పడిన అవమానానికి మీ రెండేళ్ల నియమం ఏం సమాధానం చెబుతుంది?

నిదానం
మీకు అవమానం జరిగింది, కాదనను. కానీ నా మాట ఊహ అన్నారు కాబట్టి పూర్తిగా చెబుతాను. ఇంటి రుణం రాకపోవడంతో ఆ కథ ముగియలేదు. ఆ తర్వాత మా తమ్ముడి ఉద్యోగం పోయింది. అప్పటికి అతని చేతిలో ఉన్న కార్డుల లిమిట్లన్నీ కలిపితే అతని ఏడాది జీతం కంటే ఎక్కువ. మీరు చెప్పినట్లే అతను కూడా ప్రతి నెలా పూర్తిగా కట్టినవాడే, ఒక్క గడువు కూడా తప్పనివాడే. జీతం ఆగిన నెల నుంచి కనీస చెల్లింపు మొదలుపెట్టాడు. ఒక కార్డు బిల్లు కట్టడానికి ఇంకొక కార్డు నుంచి డబ్బు తీశాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. స్టేట్‌మెంట్లన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి బీరువా పైన పెట్టాడు, కొన్ని కవర్లు విప్పనే లేదు. అవన్నీ నేలమీద పరిచి, ఏ కార్డుకు ఎంత బాకీ ఉందో కాగితం మీద రాసింది నేను. కట్టింది కూడా నేనే. మీరు లిమిట్‌ను చూసినప్పుడల్లా వాడకం శాతం ఎంత తగ్గిందో లెక్క వేస్తారు. నేను చూసినప్పుడల్లా, ఆదాయం ఆగిన రోజున ఈ మనిషి ఎంత లోతుకు దిగగలడో ఆ అంకె చెబుతున్నట్లు అనిపిస్తుంది. నేను రెండేళ్లు ఆగమనడానికి కారణం స్కోరు కాదు.

చిరుమాట
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

వడ్డీలెక్క
నిదానం గారు చెప్పిన కనీస చెల్లింపును అంకెల్లో చూపిస్తాను, చాలామందికి దీని తీవ్రత తెలియదు. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, చక్రవడ్డీగా చూస్తే ఏడాదికి దాదాపు 51 శాతం. బకాయి లక్ష ఉందనుకోండి, కనీస చెల్లింపు 5 శాతం అనుకోండి. మీరు కట్టే ఐదు వేలలో సుమారు మూడున్నర వేలు వడ్డీకే పోతుంది. కొత్తగా ఏమీ కొనకుండా ప్రతి నెలా కనీస మొత్తమే కడుతూ పోతే, ఆ లక్ష యాభై వేలకు దిగడానికి దాదాపు 41 నెలలు పడుతుంది. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే ఐదేళ్లు దాటుతుంది. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని రోజులు వర్తించవు. కార్డుతో ఏది కొన్నా, కొన్న మరుక్షణం నుంచే వడ్డీ.

గడువుతేదీ
నిదానం గారూ, మీ తమ్ముడి సంగతి విని బాధ కలిగింది. సాక్ష్యం కాదన్న మాటను వెనక్కి తీసుకోను, ఎందుకంటే మనం అప్పుడు మాట్లాడుతున్నది ఎంక్వైరీ గురించి. కానీ మీరు ఇప్పుడు చెప్పినది వేరే విషయం, దానికి జవాబు కూడా వేరుగానే చెప్పాలి. మా సంస్థలో జీతాలు ఆలస్యమైన రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ లిమిటే. పిల్లల ఫీజు గడువులోపు కట్టగలిగాను, ఏ బంధువు గడపా తొక్కలేదు, ఎవరి ముందూ తలవంచలేదు. జీతం రాగానే మొత్తం తీర్చేశాను. చేతిలో లిమిట్ లేకపోతే చేబదులు కోసం ఎవరి ఇంటికి వెళ్లాలో, వెళితే ఏం వినవలసి వచ్చేదో నాకు తెలుసు. నేను ఎక్కువ కార్డులు ఉంచుకునేది పాయింట్ల కోసం మాత్రమే కాదు.

నిదానం
మా తమ్ముడు కూడా నా గడప తొక్కకూడదనే కార్డుల వైపు వెళ్లాడు. మొదటి నెలలోనే వచ్చి ఉంటే నేను కట్టవలసింది అందులో సగం కూడా ఉండేది కాదు. అన్న దగ్గరికి రావడం తలవంపు అని అతనికి ఎందుకు అనిపించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గడువుతేదీ
అందరికీ మీలాంటి అన్న ఉండడు. ఉన్నా, అడగాలంటే మనసు రాకపోవచ్చు.

సముద్రానికవతల
ఇద్దరి మాటల్లోంచి ప్రశ్న అడిగిన వారికి పనికొచ్చేది ఒకటి కనిపిస్తోంది. కొన్ని నెలల ఇంటి ఖర్చు పొదుపు ఖాతాలో విడిగా ఉన్నవారికి కొత్త కార్డు అంటే పాయింట్ల లెక్క. ఆ పొదుపు లేనివారికి అదే కార్డు ఆపద్ధనం అవుతుంది, ఆ ఆపద ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. జీతం ఒక నెల ఆలస్యమైతే కార్డు కాపాడుతుంది, ఉద్యోగమే పోతే వడ్డీలెక్క గారు చూపించిన అంకెల్లోకి దింపుతుంది. కాబట్టి ఎన్ని నెలలకొకటి అన్న ప్రశ్న కంటే ముందు ఆ పొదుపు సంగతి తేల్చుకోవాలి.

పాతసభ్యుడు
ఇంటి రుణానికి ఇద్దరు కలిసి వెళితే ఇద్దరి రిపోర్టులూ చూస్తారు. ఆ సంగతి కూడా మరచిపోవద్దు. మంజూరు పత్రం చేతికి వచ్చాక కూడా, డబ్బు విడుదలయ్యే లోపు కొన్ని సంస్థలు రిపోర్టు మరోసారి తెప్పించుకుంటాయి.

ఇంటిప్రయత్నం
అందరికీ కృతజ్ఞతలు. రుణానికి మేమిద్దరం కలిసే దరఖాస్తు చేయాలనుకున్నాం, మా ఆవిడ కూడా ఒక కార్డు కోసం చూస్తున్న సంగతి పాతసభ్యుడు గారి మాట చదివాకే ఆలోచించాను. రుణం సొమ్ము పూర్తిగా విడుదలయ్యేదాకా ఇద్దరం ఏ కార్డుకూ దరఖాస్తు పెట్టము. ఆ తర్వాత సరుకుల కార్డు ఒక్కటే తీసుకుంటాం, ప్రయాణాల కార్డు సంగతి ఈఎంఐ కడుతూ ఒక ఏడాది గడిచాక చూస్తాం. పొదుపు మా దగ్గర రెండు నెలలకు సరిపడానే ఉంది, అందులోంచి ఇంటి ముందస్తు చెల్లింపుకు కొంత తీయాలనుకున్నాం, ఆ ఆలోచన ఇప్పుడు మానుకున్నాం. ఒక్క సందేహం మిగిలింది. పాత కార్డు లిమిట్ పెంచుతామని బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. దానికి ఒప్పుకోవచ్చా?

గడువుతేదీ
ఒప్పుకోండి. మీ సమ్మతి లేకుండా వాళ్లు పెంచకూడదు కాబట్టే అడుగుతున్నారు. ఇందుకోసం మీ రిపోర్టు కొత్తగా తెప్పిస్తారా అని ముందు కనుక్కోండి, తెప్పించరంటే వాడకం శాతం తగ్గడమే మీకు లాభం.

నిదానం
ఇప్పుడున్న లిమిట్ మీకు ఏ నెలలోనైనా చాలకపోయిందా? చాలకపోకపోతే పెంచుకోవడం ఎందుకో నాకు తెలియడం లేదు.

గడువుతేదీ
కారణం ఇప్పుడే చెప్పాను కదా, నిదానం గారూ.