ఆంప్లిఫయర్‌లో కండెన్సర్లు, ఐసీ మారిస్తే సౌండ్ మెరుగవుతుందా?

ప్రశ్న (కడప):
మా నాన్న కొన్న పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఇంకా వాడుతున్నాం. ఈమధ్య బేస్ తగ్గింది. పాట ఆపినా గుయ్‌మని హమ్ వస్తోంది. లోపల సౌండ్ సిగ్నల్‌ను పెంచే 4558 ఐసీ (చిప్), పవర్ సప్లైలో 4700 మైక్రోఫారడ్ 50 వోల్టుల కండెన్సర్లు రెండు ఉన్నాయి. వీడియోల్లో చూస్తే 5532 ఐసీ వేయమని, ఆడియో గ్రేడ్ కండెన్సర్లు, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు వేయమని చెప్తున్నారు. అంత ఖర్చు పెడితే తేడా తెలుస్తుందా అన్నా?

జవాబు (అనంతపురం, రిపేరు షాపు):
తమ్ముడూ, చెడిపోయిన పార్టు మారిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బాగున్న పార్టు తీసి ఖరీదైనది వేస్తే చాలాసార్లు ఏమీ తెలియదు. నీ సెట్టుకు కావాల్సింది రిపేరు.

ముందు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి విను. హమ్ అలాగే ఉంటే అనుమానించాల్సింది ఆ రెండు పెద్ద కండెన్సర్లనే. మన కరెంటు 50 హెర్ట్జ్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ దాటాక అది 100 హెర్ట్జ్ అలగా మారుతుంది. దాన్ని అణచాల్సిన కండెన్సర్ ఎండిపోతే అదే స్పీకర్‌లో మోగుతుంది. వాల్యూమ్‌తో పాటు హమ్ కూడా తగ్గితే మాత్రం ఇన్‌పుట్ కేబుల్, ఎర్త్ వైరు చూడు.

మన సీమ ఎండలకు ఇవి త్వరగా పోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మే నెలలో మూసిన డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకో. పాతవి 85 డిగ్రీల వేడి వరకు తట్టుకునేవి అయి ఉంటాయి, 105 డిగ్రీలవి వెయ్యి. విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. ప్లస్ మైనస్ తారుమారైతే పేలుతుంది, జాగ్రత్త.

బేస్ తగ్గడానికి ఎండిన కప్లింగ్ కండెన్సర్లు, అంటే సిగ్నల్‌ను ఒక దశ నుంచి తర్వాతి దశకు పంపేవి, కారణం కావచ్చు. అక్కడ 1 మైక్రోఫారడ్, తర్వాత 47 కిలో ఓమ్ రెసిస్టర్ ఉందనుకో. బేస్‌కు కోత మొదలయ్యేది సుమారు 3.4 హెర్ట్జ్ దగ్గర, అంతకంటే కిందివే తగ్గుతాయి. మన చెవికి వినపడేది 20 నుంచి. అందుకే దాన్ని 10 మైక్రోఫారడ్ చేసినా బేస్ పెరగదు. అదే ఎండిపోయి విలువ బాగా పడిపోతే పాట పలచబడుతుంది.

ప్రశ్న (కడప):
మరి ఐసీ సంగతి?

జవాబు (అనంతపురం):
5532 మంచి ఐసీ, పిన్నులు కూడా 4558 లాగే. సోర్స్ ఆపి వాల్యూమ్ పెంచినప్పుడు స్‌స్‌ అనే శబ్దం ఆ ఐసీ నుంచే వస్తుంటే కొంచెం తగ్గొచ్చు. కానీ అది వేగమైనది. సప్లై పిన్నుల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ లేకపోతే ఆసిలేట్ అయి (దానంతట అదే సిగ్నల్ పుట్టించి) వేడెక్కొచ్చు, సౌండ్ ఇంకా పాడవుతుంది. నకిలీ ఐసీలూ చాలా తిరుగుతున్నాయి. రెసిస్టర్ల జోలికి పోవద్దు.

జవాబు (కర్నూలు):
ఒక మాట కలుపుతాను. ప్లగ్ తీసినా ఆ పెద్ద కండెన్సర్లలో కరెంటు మిగిలే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయొద్దు. 1 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌ను ఒక్కో కండెన్సర్ రెండు పిన్నులకు అర నిమిషం ఆనించి, మీటరుతో చూశాకే ముట్టుకో.

కప్లింగ్ కండెన్సర్లు ముందు ఒక్క ఎడమ చానల్‌లోనే మార్చు. మోనో పాట (రెండు వైపులా ఒకే సౌండ్ వచ్చేది) పెట్టి, నువ్వు కళ్లు మూసుకుని ఇంకొకరితో బ్యాలెన్స్ అటూ ఇటూ తిప్పించు. రెండు వైపుల సౌండ్‌లో తేడా తెలియకపోతే కుడివైపుకు ఖర్చు అనవసరం.

ప్రశ్న (కడప):
వాల్యూమ్ సున్నాలోనూ హమ్ ఉంది, పెద్ద కండెన్సర్లే మారుస్తాను. ఒక స్పీకర్ అంచు ఫోమ్ కూడా చిరిగి ఉంది. పర్లేదా?

జవాబు (అనంతపురం):
పర్లేదనొద్దు తమ్ముడూ. ఫోమ్ చిరిగితే కోన్ నిలకడగా కదలదు, బేస్ పోతుంది, కాయిల్ కూడా రాసుకుంటుంది. ఐసీకి పెట్టాలనుకున్న డబ్బు దానికి పెట్టు. కోన్ సైజు కొలిచి ఫోమ్ రింగ్ తెప్పించుకో, అతికించేటప్పుడు కాయిల్ మధ్యలో ఉండేలా చూడు.