చెర్రీ మ్యాజిక్: మనసులో మాట వినబడింది సరే, మరి చెప్పడం?

రాత్రిబండి:
మూడోసారి చూడటం పూర్తయింది. 2020 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టీవీ టోక్యోలో వచ్చిన జపనీస్ సీరియల్, 12 ఎపిసోడ్లు. ముప్ఫై ఏళ్లు నిండగానే అదాచికి, ఎవరిని తాకితే వాళ్ల మనసులో మాట వినబడుతుంది. కిక్కిరిసిన లిఫ్టులో తన ఆఫీసులోనే పనిచేసే కురొసావాకు ఆనుకోగానే, అతను ప్రేమిస్తున్నది తననేనని తెలిసిపోతుంది. ఇన్నాళ్లూ దాచుకున్నవాడు కురొసావాయే అనుకున్నా. ఈసారి మాత్రం అదాచి మీదే దృష్టి పడింది. అవతలి మనిషి గుండె అంతా చదివేసి, చదివానన్న సంగతి మాత్రం చెప్పడు. మీకేమనిపించింది? మీకు జరిగినవి కూడా రాయండి.

మల్లెతీగ:
నన్ను కదిలించింది 7వ ఎపిసోడ్. ఏడేళ్ల కిందట, తాగి సోలిపోయిన కురొసావాను అదాచి చూసుకున్న రాత్రి. అందరూ అందగాడని మెచ్చుకునే మనిషి ఆ రోజు బేలగా ఉంటే, అలా ఉన్నా బాగుందన్నట్టు మాట్లాడతాడు. కురొసావాకు ఆ కాస్త మాట ఏడేళ్లు సరిపోయింది.
హాస్టల్లో నా రూమ్మేటంటే నాకు అలాగే ఉండేది. జ్వరమొస్తే జావ కాచి ఇచ్చేదాన్ని. "అమ్మలా చూసుకుంటావే నువ్వు" అనేది. ఆ మాటకు ఏం చెప్పాలో తెలిసేది కాదు. గ్లాసు తీసుకుని కడగడానికి వెళ్లిపోయేదాన్ని. తన పెళ్లికి పూలజడ వేసింది నేనే.

కృష్ణాతీరం:
మల్లెతీగ గారూ, పూలజడ దగ్గర ఆగిపోయాను.
నేను చెప్పేశాను. బస్టాండులో, వాడి బస్సు కదలబోతుంటే. రెండు రోజులు ఫోన్ లేదు, ఒకటే టెన్షన్. మూడో రోజు "నాకు అలా లేదురా, కానీ నువ్వు చెప్పావు కదా, అది బాగుంది" అన్నాడు. ఇప్పటికీ మాట్లాడుకుంటాం.

సకురాపాఠం:
జపనీస్ నేర్చుకుంటున్నాను కాబట్టి ఒక మాట. అక్కడ "కొకుహాకు" అని ఉంది. "సుకి దెసు" (నువ్వంటే ఇష్టం) అని నోటితో చెప్పి, అవతలివాళ్లు సరేనంటేనే జంట అయినట్టు లెక్క. చూపులూ, కలిసి తినడాలూ ఎన్ని ఉన్నా మాట పడాల్సిందే. అందుకే కురొసావా నోరు తెరిచే ఆ ఘట్టానికి అంత బరువు.

రాత్రిబండి:
ఇది తెలియదు, థాంక్స్ అండీ. అయితే 11వ ఎపిసోడ్ ఇంకా కష్టంగా ఉంటుంది. అదాచి చివరికి మ్యాజిక్ సంగతి చెప్పేస్తాడు. కురొసావా కోప్పడడు. అదాచి నలిగిపోవడం చూసి, ఇక్కడితో ఆపేద్దామా అంటాడు. ప్రేమతోనే అన్నాడు, కానీ తన మనసులో ఉన్నది అది కాదు. అదాచి నిజం చెప్పిన నిమిషంలోనే కురొసావా దాచడం మొదలుపెట్టాడు.

మల్లెతీగ:
అవును, అక్కడే ఏడ్చాను. పొద్దున నా రూమ్మేట్ ఫోన్ చేసింది, పాపకు ఆదివారం అన్నప్రాసన అట. వెళ్తున్నా.