కొత్త తెలుగు ఇండిపెండెంట్ పాటలు ఎక్కడ దొరుకుతాయి? ఏం వెతికినా సినిమా పాటలే వస్తున్నాయి

వానచినుకు:
మధ్యాహ్నం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, విసుగొచ్చేసింది. సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాటలు చేస్తున్న కొత్తవాళ్లని వినాలని ఉంది. రాక్, ర్యాప్, జానపదం, ఒక్క గిటార్‌తో పాడింది, ఏదైనా సరే. 'తెలుగు ఇండీ' అని కొడితే సినిమా మెలొడీల ప్లేలిస్టులు వస్తున్నాయి. 'ప్రైవేట్ సాంగ్స్' అంటే లవ్ ఫెయిల్యూర్ పాటలు. నచ్చినవి ఒకట్రెండు లైక్ చేసినా యాప్‌లో మార్పు లేదు. సెట్టింగ్స్ అన్నీ చూశాను. తెలిసినవాళ్లు దారి చెప్పండి ప్లీజ్.

బేస్‌గిటార్:
ఏ యాప్?

వానచినుకు:
రెండున్నాయండి, రెండూ అంతే. యాప్ ఏదైతే ఏముంది, పాటలు ఎక్కడ దొరుకుతాయన్నదే నా ప్రశ్న.

బేస్‌గిటార్:
బ్యాండ్‌క్యాంప్. ఆర్టిస్టులు తమ పాటలు నేరుగా అమ్ముకునే సైటు. హైదరాబాద్ ట్యాగ్ నొక్కు.

పాతక్యాసెట్:
బ్యాండ్‌క్యాంప్ పేరొచ్చింది కాబట్టి చెబుతున్నా. కొత్త పాటలు వెతికే ముందు, ఆ పాట చేసినవాళ్లకి ఏం ముడుతోందో కూడా తెలుసుకోవాలి. స్పాటిఫైలో 2024 నుంచి, ఒక పాటని పన్నెండు నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే ఆ రికార్డింగ్‌కి రాయల్టీ రాదు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన కుర్రాడికి ఆ వెయ్యి దాటడం ఎంత కష్టమో ఆలోచించండి. బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైటు వాటా 15 శాతం, ఆపైన పేమెంట్ ఛార్జీలు. మిగిలింది పాడినవాళ్లదే. నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కడితే చాలదు, నచ్చిన పాటని డబ్బు పెట్టి కొనే అలవాటు మనకి మళ్లీ రావాలి. క్యాసెట్లు కొన్న రోజుల్లో మనం చేసింది అదే కదా.

వానచినుకు:
తప్పకుండా కొంటానండి. కొనాలంటే ముందు కనపడాలి కదా.

డప్పుదరువు:
జానపదం కావాలన్నారు, మళ్లీ లవ్ ఫెయిల్యూర్ పాటలని పక్కకి నెట్టేశారు. అందుకే అడుగుతున్నా. ఊళ్లో కూర్చుని రాసుకుని, కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో చిన్న స్టూడియోలో రికార్డు చేసి, పొలం గట్టు మీద వీడియో తీసి పెట్టేవాళ్లకి మించిన ఇండిపెండెంట్ ఎవరున్నారు? గాయని మంగ్లీ పండగ పాటలు జనానికి చేరింది ముందు యూట్యూబ్‌లోనే, సినిమాలు తర్వాత. యూట్యూబ్‌లో తెలుగు లిపిలోనే వెతికి, ఫిల్టర్‌లో ఈ నెల అప్‌లోడ్ అయినవి మాత్రమే పెట్టుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికితే రాని పాటలు వస్తాయి.

బేస్‌గిటార్:
ఛానల్ వాళ్లు ఖర్చు పెట్టి హక్కులు రాయించుకుంటే అది ఇండిపెండెంట్ కాదు. చిన్న సైజు లేబుల్, అంటే మ్యూజిక్ కంపెనీ.

డప్పుదరువు:
అందరూ రాయించుకోరు అన్నా. సొంత ఛానల్ నడుపుకునే గాయకులు బోలెడుమంది ఉన్నారు. గిటార్ పట్టుకుని ఇంగ్లిష్ పేరున్న బ్యాండ్ పెడితేనే మీ లెక్కలోకి వస్తారా?

బేస్‌గిటార్:
వాయిద్యం గొడవ కాదు. హక్కు ఎవరిదన్నదే.

పాతక్యాసెట్:
ఆ మాట ముఖ్యమైనదే. పాట వివరాల్లో అడుగున వలయంలో 'పీ' అక్షరం ఉంటుంది. దాని పక్కన ఉన్న పేరే రికార్డింగ్ హక్కుదారు. అక్కడ ఆర్టిస్ట్ పేరే ఉంటే సొంత విడుదల అనుకోవచ్చు. కొన్ని పాటలకి అంకెలేసి 'రికార్డ్స్ డీకే' అని ఉంటుంది. అంటే లేబుల్ పేరేమీ ఇవ్వకుండా పాటల్ని యాప్‌లకి చేర్చే డిస్ట్రోకిడ్ అనే సర్వీస్ ద్వారా నేరుగా పెట్టుకున్నారన్నమాట.

కాకినాడకాజా:
వానచినుకు గారూ, ఒక సందేహం. మీ అకౌంట్‌లో మీరు తప్ప ఇంకెవరూ వినరా?

వానచినుకు:
హాల్లో స్పీకర్‌కి కూడా అదే అకౌంట్. పొద్దున అమ్మ సుప్రభాతం పెడుతుంది, సాయంత్రం పాపకి రైమ్స్, ఆదివారం నాన్న ఘంటసాల. దానికీ దీనికీ ఏం సంబంధమండి?

కాకినాడకాజా:
అసలు సంబంధమంతా అక్కడే ఉంది. మీరు లైక్ చేసిన రెండు పాటల కంటే ఆ స్పీకర్‌లో గంటలకొద్దీ మోగేవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. ఇంటిల్లిపాదీ వినేదాన్ని చూసి అది మీకు సలహా ఇస్తోంది. ముందు స్పీకర్‌కి వేరే అకౌంట్ పెట్టండి. కుదరకపోతే, స్పాటిఫై వాడుతుంటే రైమ్స్ ప్లేలిస్టు పక్కనున్న మూడు చుక్కలు నొక్కండి. మీ టేస్ట్ ప్రొఫైల్ నుంచి దాన్ని మినహాయించే ఆప్షన్ ఉంటుంది. సుప్రభాతానికీ అలాగే చెయ్యండి. మీ కోసం స్పాటిఫై తయారుచేసే డిస్కవర్ వీక్లీ ప్లేలిస్టు సోమవారం సోమవారం మారుతుంది, కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

రెండోది, సెర్చ్ పెట్టె మీద ఆశ పెట్టుకోకండి. నచ్చిన ఒక్క ఆర్టిస్ట్‌ని పట్టుకుని అక్కడినుంచి పక్కకి నడవండి. ఉదాహరణకి హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా. వాళ్ల పేజీలో కిందికి వెళ్తే ఆ శ్రోతలు వినే మిగతావాళ్ల వరస ఉంటుంది. ఆర్టిస్ట్ పేజీల్లో 'డిస్కవర్డ్ ఆన్' అనే వరస కనిపిస్తే వదలకండి. జనం ఏ ప్లేలిస్టుల ద్వారా ఆ ఆర్టిస్ట్ దగ్గరికి వచ్చారో అందులో ఉంటుంది. మామూలు మనుషులు ఇష్టంగా పోగేసిన ప్లేలిస్టు ఒక్కటి తగిలిందంటే చాలు, సెర్చ్‌లో ఎన్నటికీ రాని పేర్లు అందులో దొరుకుతాయి.

బ్యాండ్‌క్యాంప్‌లో ఇదే పని ఇంకా బాగా జరుగుతుంది. ఆల్బమ్ పేజీలో కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒకటి నొక్కితే ఆ మనిషి ఇంకేం కొన్నారో మొత్తం తెరుచుకుంటుంది. డబ్బు పెట్టి కొన్నవాళ్ల అభిరుచిని నేను ఎక్కువ నమ్ముతాను.

గోదారిగట్టు:
చౌరస్తా అనగానే బాధేస్తుంది. అందులో పాడిన రామ్ మిరియాల ఇప్పుడు సినిమాలకి పాడుతున్నారు, సంగీతం చేస్తున్నారు. ఆయన ఎదగడం సంతోషమే. కానీ మలయాళంలో అవియల్ బ్యాండ్, కన్నడంలో గాయకుడు రఘు దీక్షిత్ 2008లోనే ఆల్బమ్‌లు తెచ్చి నిలబడ్డారు. చెన్నైలో 2018లో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బ్యాండ్ వేదికెక్కింది. మన దగ్గర గొంతు బాగుందనగానే సినిమా పిలుస్తుంది, బ్యాండ్ అక్కడే ఆగిపోతుంది.

డప్పుదరువు:
తెలుగులో నిలబడ్డవాళ్లు ఉన్నారన్నా, ఊళ్లల్లో ఉన్నారు. మీ చెవి అటు తిరగట్లేదు.

గోదారిగట్టు:
తూర్పుగోదావరి నుంచి ఒక పేరు చెప్పండి, ఇప్పుడే వింటాను.

బేస్‌గిటార్:
హైదరాబాద్‌లో ఉంటే లామకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, దాని కార్యక్రమాల పట్టిక చూడు. వెళ్లి విను.

పాతక్యాసెట్:
ఎదురుగా పాడుతుంటే వినడం చాలా మంచిది. అయిపోయాక వెళ్లి పలకరించండి. వాళ్లు ఎవరిని వింటున్నారో అడిగితే సంతోషంగా చెబుతారు. అక్కడ సీడీయో టీషర్టో అమ్ముతుంటే కొనండి.

వానచినుకు:
నేను విజయవాడండి. స్పీకర్ అమ్మ అకౌంట్‌కి మార్చాను. 'డిస్కవర్డ్ ఆన్' వరసలో ఒక ప్లేలిస్టు తగిలింది, తెలుగు, తమిళం కలిపి ఉంది, వింటున్నా. థాంక్స్ అండి కాజా గారూ.

గోదారిగట్టు:
ఆ ప్లేలిస్టు పేరు ఇక్కడ పెట్టండి.

చిట్టినగర్:
బ్యాండ్‌క్యాంప్‌లో కొనాలంటే యూపీఐ తీసుకుంటుందా, కార్డే ఉండాలా? ఎవరైనా కొన్నవాళ్లు చెప్పగలరా?